నా డీఎన్ఏ నాదేనా?

తిరుపతిలో ఒక ఆదివారం సాయంత్రం జరిగిన సభలో, జంతుశాస్త్రం చెప్పి రిటైరైన ఒక అధ్యాపకుడు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్లు అడిగారని రికార్డింగు విని రాశాం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా ఆయన మాట్లాడినట్టే ఉంచాం.

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ముందు వరసలో కూర్చుంటే ప్రశ్నలు అడుగుతానని భయం వద్దు, రిటైరైపోయాను.

నాకిచ్చిన అంశం ‘జన్యువులు, వ్యక్తి గుర్తింపు’. గంటలో ముగించమన్నారు. కాలేజీలో చెప్పినట్టు మెండెల్ బఠానీల దగ్గర మొదలుపెడితే తెల్లారిపోతుంది. అందుకని మీరంతా రోజూ వినే మాట దగ్గరే మొదలుపెడతాను. టీవీలో క్రికెట్ ఆటగాడు ‘పోరాటం మా డీఎన్ఏలోనే ఉంది’ అంటాడు. కంపెనీవాళ్లు ‘నాణ్యత మా డీఎన్ఏ’ అని బోర్డు పెడతారు. కంపెనీకి డీఎన్ఏ ఏమిటండీ? నాయకుడు వేదికెక్కి ఎదుటి పార్టీవాడి డీఎన్ఏ మంచిది కాదంటాడు. మా చిన్నప్పుడు ఇదే మాటని ‘మా రక్తంలోనే ఉంది’ అనేవాళ్లు. రక్తం పోయి డీఎన్ఏ వచ్చింది. నమ్మకం మాత్రం ఇంచు కూడా కదల్లేదు. నేనెవరో నా లోపల ఎక్కడో రాసిపెట్టి ఉంది, ల్యాబుకి పంపితే చదివి చెప్పేస్తారు. ఇదీ ఆ నమ్మకం.

నేను దీనికి ఎదురు చెప్పడానికి వచ్చాను. మీ పేరు, మీ భాష, మీ చదువు, మీ గొంతు, మీ అప్పులు, అన్నిటినీ ఒక వరసలో పెట్టండి. వాటిలో అన్నిటికంటే తక్కువ సొంతమైనది మీ డీఎన్ఏ. అది ఉమ్మడి ఆస్తి. అనుభవించే హక్కు మీకుంది కానీ, పట్టా మీ ఒక్కరి పేరు మీద లేదు. ఎలాగో చెప్తాను.

ముందు లెక్కలు చూద్దాం. లెక్కలంటే టెన్షన్ పడకండి, నాలుగే అంకెలు. మన కణంలో ఉండే డీఎన్ఏని ఒక పూర్తి సెట్టుగా తీసుకుంటే సుమారు 300 కోట్ల బేసులుంటాయి. బేసంటే ఆ రాతలో ఒక అక్షరం లాంటిది, ఏ, టీ, జీ, సీ అని నాలుగే రకాలు. ఈ వరసని చదివే పని 1990లో మొదలైంది, 2003లో పూర్తయిందని ప్రకటించారు. అప్పటికీ చదవడానికి లొంగని ముక్కలు కొన్ని మిగిలాయి, వాటి పని 2022కి గానీ తేలలేదు. జన్యువులు లక్ష దాకా ఉంటాయని పెద్దపెద్దవాళ్లే అనుకునేవారు. తీరా చదివితే ప్రోటీన్లు తయారుచేసేవి సుమారు ఇరవై వేలు. మిగతా డీఎన్ఏలో కొంత ఆ జన్యువుల్ని ఎప్పుడు పనిచేయించాలో ఎప్పుడు ఆపాలో చూసుకుంటుంది, చాలా భాగం ఏ పనీ చేస్తున్నట్టు కనిపించదు.

ఇప్పుడు నన్నూ, ఈ ముందు వరసలో కూర్చున్న అమ్మనీ పక్కపక్కన పెట్టి పోల్చండి. వెయ్యి బేసుల్లో 999 ఒకటే. నన్నూ, ఆఫ్రికాలోనో జపాన్‌లోనో ఉన్న ఒక మనిషినీ పోల్చండి. దాదాపు అదే లెక్క. వెయ్యికి ఒకటి తేడా అంటే చిన్నదే గానీ, 300 కోట్ల మీద లెక్కేస్తే ముప్పై నలభై లక్షల చోట్ల తేడా వస్తుంది. ‘చూశారా సార్, అక్కడే ఉంది నా ప్రత్యేకత’ అంటారు మీరు. ఆగండి. ఆ నలభై లక్షల తేడాలూ మీకు ఎక్కడివి? మీ అమ్మ దగ్గరివి, మీ నాయన దగ్గరివి. వాళ్లకి వాళ్ల అమ్మానాయనల దగ్గరివి. వాటిలో చాలా భాగం ఈ హాల్లోనే పదిమందికి ఉంటాయి. అమ్మ దగ్గరా లేకుండా, నాయన దగ్గరా లేకుండా, మీలో కొత్తగా పుట్టినవి ఎన్ని? అరవై, డెబ్భై. అంతే. 300 కోట్లలో డెబ్భై. అందులోనూ ఎక్కువ భాగం ఏ పనీ చేయని చోట్ల పడి ఉంటాయి.

ఇది వినగానే కొందరికి నిరుత్సాహంగా ఉంటుంది. నాకు మాత్రం హాయిగా ఉంటుంది.

ప్రపంచంలో రకరకాల జనాల డీఎన్ఏని పోల్చడానికి ‘వెయ్యి జీనోముల ప్రాజెక్టు’ అని ఒకటి జరిగింది. జీనోమంటే ఒక మనిషి మొత్తం డీఎన్ఏ. 2015లో చివరి ఫలితాలు వచ్చేసరికి 26 జనసమూహాల నుంచి 2,504 మంది లెక్కకి వచ్చారు. ఆ 26లో తెలుగువాళ్లు ఒకరు. ఎక్కడి తెలుగువాళ్లు? బ్రిటన్‌లో స్థిరపడినవాళ్లు. మనం ఇక్కడ ఇన్ని కోట్లమందిమి ఉండగా మన నమూనా అక్కడ దొరికింది. ఇంకో సమూహం బ్రిటన్‌లో ఉన్న శ్రీలంక తమిళులు. ఈ రెండు సమూహాల డీఎన్ఏనీ పక్కన పెడితే తేడా చాలా తక్కువ. చిత్తూరువాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఇంట్లో తమిళం, బజారులో తెలుగు, కన్నడం మాట్లాడే మామ ఒకాయన. భాష డీఎన్ఏలో లేదు. అయినా ‘నువ్వెవరు’ అంటే మొదట చెప్పేది భాషే కదా? ఇప్పుడు మన దేశంలోనే పదివేల మంది జీనోములు చదివారు. ఆ సమాచారం 2025 జనవరిలో పరిశోధకులకి అందుబాటులోకి వచ్చింది. ఆలస్యమైనా మంచి పని.

గోత్రం, జుట్టు, మేనమామ

ఇది తిరుపతి కాబట్టి ఇక్కడే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. కొండ మీద గుండు చేయించుకోనివాళ్లు ఎవరైనా ఉన్నారా? చేతులెత్తండి. ఎవరూ లేరు. సరే. కల్యాణకట్టలో జుట్టు ఇచ్చాం, కింద ఇంకో గుళ్లో అర్చన చేయించాం. అర్చనలో అయ్యవారు ఏమడుగుతారు? గోత్రం, పేరు, నక్షత్రం. గోత్రం ఎవరి నుంచి వస్తుంది? తండ్రి నుంచి. తండ్రికి తండ్రి నుంచి. మరి ఆ ఇచ్చిన జుట్టు ఏం చెబుతుందో తెలుసా?

కత్తితో గీసిన జుట్టుకి కుదురు ఉండదు. కుదురు లేని వెంట్రుకలో కేంద్రకంలోని డీఎన్ఏ ముక్కలు ముక్కలైపోయి ఉంటుంది, పోలీసులు చేసే మామూలు పరీక్షకి అందదు. అందేది మైటోకాండ్రియా డీఎన్ఏ, అంటే కణానికి శక్తినిచ్చే చిన్న భాగాల్లో ఉండే డీఎన్ఏ. చిన్నది, 16,569 బేసులు. అది తల్లి నుంచి మాత్రమే వస్తుంది. అమ్మ, అమ్మమ్మ, అమ్మమ్మ వాళ్లమ్మ, అలా పైకి. అంటే అర్చనలో మీరు చెప్పింది నాయన వరస. మీ జుట్టు చెప్పింది అమ్మ వరస. రెండూ నిజమే. రెండింటిలోనూ మీరు లేరు.

ఇంకొంచెం లోపలికి వెళ్దాం. మీకు తల్లిదండ్రులు ఇద్దరు, అవ్వతాతలు నలుగురు, వాళ్ల పైన ఎనిమిది మంది. పది తరాలు వెనక్కి వెళ్తే, అంటే సుమారు రెండు వందల యాభై, మూడు వందల ఏళ్లు, 1,024 మంది. గోత్రం చెప్పేది ఈ 1,024 మందిలో ఒక్కరి గురించి. తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వెళ్లే వై క్రోమోజోమ్ చెప్పేదీ ఆ ఒక్కరి గురించే. మైటోకాండ్రియా చెప్పేది ఇంకొకరి గురించి. మిగతా 1,022 మంది ఏమైనట్టు? ఇంకో విచిత్రం వినండి. ఆ వెయ్యిమందిలో దాదాపు సగం మంది నుంచి మీకు ఒక్క డీఎన్ఏ ముక్క కూడా వచ్చి ఉండదు. తరం తరానికీ ముక్కలు కోసి కలిపి సగం పారేస్తూ వస్తే అలాగే అవుతుంది. వాళ్లు మీ పూర్వీకులే, వాళ్లు లేకపోతే మీరు లేరు. కానీ మీ ఒంట్లో వాళ్లది ఏమీ మిగల్లేదు. తద్దినం పెట్టాలా వద్దా అని నన్నడగొద్దు.

మనవాళ్లు రక్తాన్ని మాత్రమే నమ్మారా అంటే అదీ లేదు. దత్తత ఉంది కదా? దత్తత వెళ్లిన పిల్లవాడికి గోత్రం మారుతుంది. మంత్రంతో మారుతుంది, డీఎన్ఏ మారకుండానే. పెళ్లయిన అమ్మాయికి గోత్రం మారుతుంది. మనుస్మృతి పన్నెండు రకాల కొడుకుల్ని లెక్కపెడుతుంది, అందులో సొంత భార్యకి పుట్టిన ఔరసుడు ఒక్క రకం మాత్రమే. ఆ పుస్తకంతో నాకు చాలా పేచీలున్నాయి, అది వేరే సంగతి. కానీ కొడుకంటే ఎవరు అన్న ప్రశ్నకి జవాబు ఒకటే కాదని వాళ్లకీ తెలుసు. ల్యాబు రిపోర్టు చేతిలో పట్టుకుని ఒకే జవాబు ఉందనుకుంటున్నది మనమే.

ఇక మేనరికం. నవ్వకండి, మన రాయలసీమలో ఈ హాల్లో సగం మంది మేనరికం పెళ్లిళ్లకి పుట్టినవాళ్లమే. అక్క కూతుర్ని చేసుకున్న ఇంట్లో ఏమవుతుందో చూడండి. పుట్టిన బిడ్డకి నాయన వైపు తాత ఉన్నాడు కదా, ఆయనే అమ్మ వైపు ముత్తాత. మనిషి ఒకడే, వరసలు రెండు. ఆ బిడ్డ పిలిచేది తాత అనే. ఇలాంటి పెళ్లిళ్లు రెండు మూడు తరాలు జరిగితే మనం ఇందాక చెప్పుకున్న 1,024 మంది ఏ మూడు నాలుగు వందలకో దిగిపోతారు. అదే మనుషులు మళ్లీ మళ్లీ వస్తారు.

మరి ఇంకో తమాషా. ఒకే గోత్రం అని తెలిస్తే మంచి సంబంధాన్ని కూడా వదిలేస్తాం. ఆ అబ్బాయికీ ఈ అమ్మాయికీ ముప్పై తరాల కింద ఎవరో ఒక తాత ఉన్నాడనుకున్నా, ఇప్పుడు వాళ్లిద్దరికీ ఆయన వల్ల ఉమ్మడిగా మిగిలింది దాదాపు సున్నా. అదే మేనమామకి ఇస్తాం, అక్కడ నాలుగో వంతు ఉమ్మడి. మేనత్త కొడుకైతే ఎనిమిదో వంతు. పోలిక ఎక్కడుంది? మామూలు పెళ్లిళ్లలో పుట్టుకతో ఏదో ఒక లోపం ఉన్న పిల్లలు నూటికి ఇద్దరు ముగ్గురు ఉంటారు. మేనత్త, మేనమామ పిల్లల మధ్య పెళ్లిళ్లలో అది ఇంచుమించు రెట్టింపు. అక్క కూతురి విషయంలో ఇంకా ఎక్కువ. అంటే నూటికి తొంభై మందికి పైగా పిల్లలు బాగానే పుడతారు. భయపెట్టడానికి చెప్పడం లేదు, కానీ ఏమీ లేదని కూడా చెప్పను.

గోత్రం, పెళ్లి అన్నాక కులం మాట కూడా వస్తుంది కాబట్టి చెప్పేస్తాను. హైదరాబాదులో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఉంది కదా, అక్కడ తంగరాజ్, లాల్జీ సింగ్ గార్లు హార్వర్డ్‌లోని డేవిడ్ రైక్ బృందంతో కలిసి 2009లో ఒక పరిశోధన ప్రచురించారు. 25 సమూహాలకి చెందిన 132 మంది డీఎన్ఏ. దాదాపు ప్రతి సమూహంలోనూ రెండు పాత వంశధారలు కలిసి ఉన్నాయని తేలింది. కలవనివాళ్లు దాదాపు ఎవరూ లేరు. అది ఎప్పుడు కలిసింది? 2013లో అదే బృందం లెక్కగట్టింది. సుమారు 4,200 ఏళ్ల కిందటి నుంచి 1,900 ఏళ్ల కిందటి వరకు విపరీతంగా కలిశారు. ఆ తర్వాత తగ్గిపోయింది. ఎవరికి వాళ్లు గిరి గీసుకున్నారు. కాబట్టి ‘మా కులం మొదటి నుంచీ స్వచ్ఛం’ అనేవాడికి ఈ పరిశోధన పనికిరాదు. ‘కులమే లేదు, అంతా బ్రిటిష్‌వాళ్లు పెట్టింది’ అనేవాడికీ పనికిరాదు. ఇద్దరూ దీన్నే చూపించి వాదించడం నేను చూశాను.

గిరి గీసుకుని లోపలే పెళ్లిళ్లు చేసుకుంటే ఏమవుతుంది? మొదట్లో ఉన్న కొద్దిమందిలో ఎవరికో ఉన్న అరుదైన లోపం లోపలే తిరుగుతూ పెరుగుతుంది. 2017లో వచ్చిన ఇంకో పరిశోధన 260కి పైగా దక్షిణాసియా సమూహాల్ని చూసింది. వాటిలో 81 సమూహాల్లో ఈ ప్రభావం చాలా గట్టిగా ఉంది. మన ఆంధ్రలో వైశ్య సమాజం దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ. వాళ్లలో కొందరికి రక్తంలో ఒక ఎంజైము తక్కువ. రోజువారీ బతుకులో దాని వల్ల ఏమీ ఇబ్బంది లేదు. ఆపరేషన్ బల్ల మీద కండరాలు సడలడానికి ఇచ్చే ఒక ఇంజెక్షను నిమిషాల్లో తేలిపోవాల్సింది గంటల తరబడి తేలదు, ఊపిరి యంత్రం మీద పెట్టాలి. అందుకే అనుభవమున్న మత్తు డాక్టర్లు పేషెంటు కుటుంబంలో ఇలా జరిగిందా అని ముందే అడుగుతారు. ఆ డాక్టరుకి కులం మీద ఆసక్తి లేదు, ఆమె అడుగుతున్నది ప్రాణం గురించి. అదే సమాచారం సంబంధాలు చూసేవాళ్ల చేతిలో పడితే అవమానం అవుతుంది. డీఎన్ఏ అదే, చేతులు మారాయి.

ఇది ఒక్క సమాజం విషయమే కాదు. గుండె కండరానికి సంబంధించిన ఒక జన్యువులో 25 బేసులు ఎగిరిపోయిన లోపం దక్షిణాసియాలో నూటికి నలుగురికి ఉందని 2009లోనే బయటపడింది. ఈ హాల్లో వంద మంది ఉన్నాం. లెక్క మీరే వేసుకోండి.

ఒక మనిషిలో ఎంతమంది?

‘సరే సార్, అందరితో పంచుకున్నదే కావచ్చు, కానీ ఈ కలయిక నాకొక్కడికే ఉంది కదా’ అని మీలో ఎవరో అనుకుంటున్నారు. న్యాయమైన ప్రశ్నే. అయితే ఒకే పోలిక కవలల్ని ఏం చేద్దాం? ప్రతి వెయ్యి కాన్పుల్లో మూడు నాలుగు అలాంటివి. ఒకే పిండం రెండుగా చీలింది, డీఎన్ఏ ఒకటే. మనుషులు ఒకరేనా? వాళ్లమ్మని అడగండి. వేలిముద్రలు కూడా కలవవు, ఎందుకంటే ఆ గీతలు కడుపులో ఉన్నప్పుడు ఎవరి చోటులో వాళ్లకి తగిలిన ఒత్తిడిని బట్టి కూడా ఏర్పడతాయి. ఆ డీఎన్ఏ అయినా అచ్చంగా ఒకటేనా అంటే, ఐస్‌లాండ్ పరిశోధకులు 2021లో చూశారు. సగటున ఐదు చోట్ల తేడా. మొదటి కొద్దిరోజుల్లో కణాలు చీలేటప్పుడు పడ్డ తేడాలు. 300 కోట్లలో ఐదు. ఇద్దరు మనుషులు ఇద్దరు కావడానికి ఆ ఐదూ కారణమని నేను నమ్మను.

వేలిముద్రల మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. పిల్లల వేలిముద్రలు తీసుకుని ‘మీవాడు డాక్టరవుతాడు, మీ పాపకి సంగీతం వస్తుంది’ అని రిపోర్టులు ఇచ్చేవాళ్లు స్కూళ్లకి వస్తున్నారు. దానికి శాస్త్రం ఆధారం లేదు. డబ్బులు దండగ. డీఎన్ఏ పెట్టి అదే జోస్యం చెప్పేవాళ్లూ తయారయ్యారు. ఎత్తు సంగతే చూడండి. ఎత్తులో తేడాలు చాలావరకు వంశాన్ని బట్టే వస్తాయి, కొలవడం సులువు, టేపుంటే చాలు. దాని మీద 2022లో 54 లక్షల మంది డీఎన్ఏ చూస్తే 12,111 చోట్ల చిన్నచిన్న తేడాలు కనిపించాయి. అన్నీ కలిపి వేసిన అంచనా యూరప్ జనానికి కొంత నప్పింది, మిగతా ప్రపంచానికి అంత నప్పలేదు. ఎత్తుకే ఇంత తంటా. ఇక మీవాడి చదువు సంగతి ఎవరు చెప్పగలరు?

చిత్తూరువాళ్లకి ఇదంతా మామిడి తోటలోనే తెలుసు. బంగారుపాళ్యంలో ఉన్న తోతాపురి చెట్టూ, దామలచెరువు పక్కన ఉన్న తోతాపురి చెట్టూ ఒకదానికొకటి అచ్చం కవలలే. అన్నీ అంటు మొక్కలే కదా. కొమ్మ తెచ్చి కట్టినవి. కాపు ఒకేలా ఉంటుందా? నేల, నీళ్లు, పూతప్పుడు పడ్డ మంచు, తేనెమంచు పురుగు, రైతు ఓపిక. ధర మాట ఎత్తను, ఈ హాల్లో రైతులున్నారు, కొట్టి పంపిస్తారు. ఇంకోటి చూడండి. అంటు చెట్టుకి కింద వేరు ఎక్కడిది? టెంక నాటితే వచ్చిన నాటు మొక్కది. పైన కొమ్మ తోతాపురి. కింద ఒక డీఎన్ఏ, పైన ఒక డీఎన్ఏ. చెట్టు మాత్రం ఒక్కటే.

మనుషుల్లో అలా ఉండదనుకుంటాం. ఉంటుంది. మన జిల్లాలో పెద్ద జబ్బు వస్తే వేలూరు వెళ్తాం. అక్కడ రక్త క్యాన్సర్ వచ్చినవాళ్లకి ఎముక మజ్జ మార్పిడి చేస్తారు. అన్నకి చెల్లెలి మజ్జ ఎక్కించారనుకోండి. అది అతుక్కున్నాక అన్న రక్తం తీసి పరీక్ష చేస్తే కనిపించేది చెల్లెలి డీఎన్ఏ. ఆడపిల్ల క్రోమోజోములు. గ్రూపు వేరైతే రక్తం గ్రూపు కూడా మారుతుంది. అతని జుట్టు కుదురు చూస్తే మాత్రం అతనే. మరి అతనెవరు? భార్యకి ఈ సందేహం రాలేదు, బ్యాంకుకీ రాలేదు.

ఈ కూర్చున్న తల్లులకి ఒక మాట చెప్పాలి. బిడ్డ కడుపులో ఉన్నప్పుడు బిడ్డ కణాలు కొన్ని తల్లి రక్తంలోకి వస్తాయి. కాన్పు తర్వాత పోతాయనుకున్నారు. 1996లో చూస్తే, కొడుకు పుట్టి 27 ఏళ్లయిన ఒక తల్లి రక్తంలో ఇంకా మగ కణాలున్నాయి. కొడుకు ఉద్యోగానికి బెంగళూరు పోయి ఉండొచ్చు, కణాలు మాత్రం ఇంట్లోనే ఉన్నాయి.

2002లో ఒక వైద్య పత్రికలో అమెరికాలోని బోస్టన్ కేసు ఒకటి వచ్చింది. ఒకామెకి కిడ్నీ కావాల్సి వచ్చింది, కొడుకులు ఇస్తామన్నారు. పరీక్ష చేస్తే ముగ్గురిలో ఇద్దరు ఆమె కొడుకులు కారని వచ్చింది. తను కన్న పిల్లలు! డాక్టర్లు రక్తం కాక ఒంట్లో వేరే చోట్లు కూడా వెతికితే తేలిందేమిటంటే, ఆమె తల్లి కడుపులో మొదట రెండు పిండాలుండేవి, అవి కలిసిపోయి ఒక్క మనిషైంది. రక్తంలో ఒకరు, కొన్ని భాగాల్లో ఇంకొకరు. తనకి తానే అక్కాచెల్లెళ్లు. డీఎన్ఏ రిపోర్టు ఒక్కటే చూసి తీర్పు చెప్పి ఉంటే ఆమె ఏమయ్యేది?

తీర్పు అన్నాను కాబట్టి కోర్టుకి వెళ్దాం. డీఎన్ఏతో మనిషిని పట్టే పద్ధతిని ఇంగ్లండులోని లెస్టర్‌లో అలెక్ జెఫ్రీస్ 1984లో కనుక్కున్నాడు. మన దగ్గర లాల్జీ సింగ్ గారు, కట్లపాము డీఎన్ఏ మీద తాను చేసిన పరిశోధన నుంచే, హైదరాబాదులో సొంత పద్ధతి తయారుచేశారు. పాము ఎక్కడ, కోర్టు ఎక్కడ! కేరళలో ఒక పితృత్వ కేసుతో మొదలై, రాజీవ్ గాంధీ హత్య కేసు దాకా ఆ పద్ధతి పనికొచ్చింది. ఇప్పుడు చేసే పరీక్షలో సుమారు ఇరవై చోట్ల మాత్రమే చూస్తారు. అవి ఎలాంటి చోట్లు? చాలావరకు ఏ పనీ చేయని చోట్లు. మీ రంగు, మీ ఎత్తు, మీ జబ్బు, మీ బుద్ధి, దేని గురించీ దాదాపు ఏమీ చెప్పని చోట్లు. ఈ సంగతి మీద ఒక్క నిమిషం ఆగండి. మిమ్మల్ని లక్షల్లో గుర్తుపట్టేది, మీ గురించి ఏమీ తెలియని భాగం. గుర్తుపట్టడం వేరే పని, తెలుసుకోవడం వేరే పని.

ఆ గుర్తుపట్టడమైనా ఒంటరిగా చేయలేదు. 2025 జూన్‌లో అహ్మదాబాద్ విమాన ప్రమాదం గుర్తుంది కదా, 260 మంది పోయారు. ముఖాలు చూసి పోల్చుకునే స్థితి లేదు చాలామందికి. అప్పుడేం చేశారు? అన్నదమ్ములు, బిడ్డలు, తల్లిదండ్రులు ఆసుపత్రి ముందు వరసలో నిలబడి రక్తం ఇచ్చారు. ఆ రక్తంతో పోలిస్తేనే పేరు తెలిసింది. చనిపోయినవాడి డీఎన్ఏ తనంతట తాను పేరు చెప్పదు. చుట్టాలు వచ్చి చెప్పాలి.

పితృత్వ పరీక్షల గురించి సుప్రీంకోర్టు 2023 ఫిబ్రవరిలో ఒక తీర్పు ఇచ్చింది. భార్యాభర్తల గొడవలో భార్య మీద అనుమానం నిరూపించడానికి, పెళ్లిలో పుట్టిన బిడ్డకి ఎడాపెడా డీఎన్ఏ పరీక్ష చేయించకూడదంది. ఆ బిడ్డ ఆ కేసులో కక్షిదారు కాదు. తనెవరన్న ప్రశ్న పెద్దవాళ్ల తగాదాలోకి లాగడానికి వీల్లేదు. నాకు ఈ మధ్య వచ్చిన తీర్పుల్లో బాగా నచ్చింది ఇదే. నిజం దాచిపెట్టమంటారా అని మా పాత విద్యార్థి, లాయరు, నాతో వాదనకి దిగాడు. నిజం ఎవరికి కావాలి, ఎందుకు కావాలి అని అడగమంటున్నాను. ఆ బిడ్డ పెద్దయ్యాక తనే అడిగితే అది వేరే కథ.

ఇప్పుడు డబ్బాలు అమ్ముతున్నారు. ఉమ్మి పంపండి, మీ మూలాలు చెప్తాం అని. అమెరికాలో 23 అండ్ మీ అనే కంపెనీ ఇలాంటి పెద్దవాటిలో ఒకటి. 2023లో దాని మీద దొంగలు పడ్డారు. పాస్‌వర్డులు దొరికి నేరుగా తెరిచిన ఖాతాలు సుమారు 14 వేలు. బయటపడింది ఎంతమంది సమాచారం? 69 లక్షల మందిది. ఎలా? అందులో ‘మీ చుట్టాలు వీళ్లు’ అని చూపించే ఏర్పాటు ఉంది. ఒకడి తలుపు తెరిస్తే చుట్టాలందరి తలుపులూ తెరుచుకున్నాయి. 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. అప్పుడు ఆ ఉమ్మి ఎవరి ఆస్తి? అమ్మకానికి వచ్చింది. 2018లో కాలిఫోర్నియాలో డెబ్భైల, ఎనభైల నాటి హత్యల నిందితుణ్ణి పట్టుకున్నారు. వాడు ఎక్కడా ఉమ్మి ఇవ్వలేదు. ఎవరో దూరపు చుట్టాలు ఇచ్చారు. హంతకుడు దొరికాడు, సంతోషం. కానీ మీరు ఇవ్వకపోయినా మీ గురించి చెప్పగలిగే మనిషి మీరు ఎప్పుడూ చూడని చుట్టం కావచ్చని గుర్తుపెట్టుకోండి. మన దగ్గర డీఎన్ఏ వాడకం మీద 2019లో ఒక బిల్లు పార్లమెంటుకి వచ్చింది, 2023లో వెనక్కి తీసుకున్నారు.

అందుకే ఉమ్మడి ఆస్తి అన్నాను. ఉమ్మడి ఆస్తి అమ్మేముందు అన్నదమ్ముల సంతకాలు అడుగుతాం కదా? సరదాకి ఉమ్మి పంపేముందు మీ అక్కనీ, తమ్ముణ్ణీ ఒకసారి అడగండి. వాళ్ల గురించి కూడా సగం చెప్పేస్తున్నారు మీరు.

టైము అయిపోయిందని చీటీ పంపారు. ఒక ప్రశ్న తీసుకుంటాను. ఆ మూలన అన్నా, మీరు చెప్పండి.

వాళ్ల అమ్మాయిని మేనమామ కొడుక్కి ఇవ్వాలని ఇంట్లో అనుకుంటున్నారట, డీఎన్ఏ పరీక్ష మొత్తం చేయించాలా అని అడుగుతున్నారు. మొత్తం అక్కర్లేదన్నా. ముందు మీ అమ్మాయికి, ఆ అబ్బాయికి పెళ్లి ఇష్టమా అని అడగండి, అది ఏ ల్యాబూ చెప్పదు. తర్వాత రెండు ఇళ్లలోనూ మూడు తరాలు కాగితం మీద రాయండి. చిన్నప్పుడే పోయిన పిల్లలు, వినపడనివాళ్లు, నడవలేనివాళ్లు, తరచూ రక్తం ఎక్కించుకునేవాళ్లు, అందరినీ రాయండి. సిగ్గుపడి ఎవరినీ వదలొద్దు, చాలా ఇళ్లలో దాచేది ఆ ఒక్క పేరే. ఆ కాగితం తీసుకుని జెనెటిక్ కౌన్సెలర్ దగ్గరికో, ఆ విభాగం ఉన్న పెద్దాసుపత్రికో వెళ్లండి. తలసీమియా, అంటే తరచూ రక్తం ఎక్కించాల్సి వచ్చే జబ్బు, దాని జన్యువు మోస్తున్నారా అని ఇద్దరికీ రక్త పరీక్ష చేయించండి, హెచ్‌బీఏ2 అంటారు, పెద్ద ఖర్చు కాదు. మేనరికం కాకపోయినా అది చేయించాల్సిందే. ఒకరిలో మాత్రమే ఉంటే పిల్లలకి పెద్ద జబ్బు రాదు. ఇద్దరిలోనూ ఉంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం, అప్పుడు డాక్టరుతో మాట్లాడి నిర్ణయం తీసుకోవాల్సింది వాళ్లిద్దరే. మిగతా ప్రశ్నలు కింద టీ దగ్గర అడగండి, ఈ హాలు ఎనిమిదికల్లా ఖాళీ చేయాలట.